అందరి వెనక కుర్చీ

ఇరవై ఆరేళ్ళపాటు నేను ఇళ్ళ తలుపులు తట్టి ఒకటే మాట అడిగాను: "ఇంట్లో టీవీ ఉందా?" మా ప్రాంతంలో దానికి నిజం చెప్పినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నా పేరు బాటీ, పోస్టాఫీసు తరఫున టీవీ లైసెన్సులు తనిఖీ చేసే ఉద్యోగం నాది. టీవీ ఉన్న ప్రతి ఇల్లూ ఏడాదికి నూట అరవై యూరోలు కట్టాలి, ప్రభుత్వ టీవీ, రేడియో ఆ డబ్బుతో నడవాలి. నా తెల్ల వ్యాను వంతెన దాటిందంటే చాలు, కొండ మీది ఆఖరి ఇంటిదాకా ఫోన్లు మోగేవి. ఒకాయన టీవీని దూడల కొట్టంలోకి మార్చుకుని అక్కడే కూర్చుని చూసేవాడు. నా వ్యాను చూసి దాని మీద గడ్డి కప్పాడుగానీ ఆపడం మర్చిపోయాడు. నేను వెళ్ళేసరికి గడ్డిలోంచి వాతావరణ వార్తలు వినిపిస్తున్నాయి, ఎనిమిది దూడలు చెవులు నిక్కించి వింటున్నాయి. "వాటికోసమే పెట్టాను బాటీ. వానొస్తుందని తెలిస్తే బయటికి పోవు" అన్నాడు, మొహంలో ఒక్క గీత కదలకుండా.

అబద్ధమాడని ఇల్లు ఒకటుంది. క్రెమిన్ల ఇల్లు. అందులో నోనీ పెద్దమ్మకు ఎనభై నాలుగేళ్ళు. చూపు పోయి తొమ్మిదేళ్ళయింది. డెబ్బై దాటినవాళ్ళకు లైసెన్సు ప్రభుత్వమే ఊరికే ఇస్తుంది. కాగితం మీద ఒక్క సంతకం చాలు. ఏటా ఆ కాగితం నేనే తీసుకెళ్ళేవాణ్ణి, ఏటా ఆవిడ దాన్ని నా చేతే పొయ్యిలో వేయించేది. జూన్ రాగానే కొడుకు మోసీ చెయ్యి పట్టుకుని పోస్టాఫీసుకు వచ్చి, నోట్లు వేళ్ళతో తడిమి లెక్కపెట్టి కట్టేది. కళ్ళు లేని మనిషి టీవీకి ఎందుకు డబ్బు కట్టడమని ఒకసారి అడిగాను.

"ఊరికే వచ్చినదాన్ని తిట్టలేం కదరా నాయనా. నేను కట్టి తిడుతున్నాను" అంది.

తిట్టడం అంటే అలా ఇలా కాదు. కర్రలతో బంతి కొట్టే మా హర్లింగ్ మ్యాచ్ జరుగుతున్నంతసేపు రేడియోలో చెప్పేవాడి ఏడు తరాలనూ పలకరించేది. బంతి ఎక్కడుందో చెప్పకుండా మబ్బుల గురించి చెబుతున్నాడని తిట్టు. ఆటగాడి పేరు చెప్పి వాళ్ళ నాన్న పేరు చెప్పలేదని తిట్టు. పోయినేడు నన్ను కూర్చోబెట్టి ఉత్తరం కూడా రాయించింది. నేను డబ్బు కట్టాను, మైదానం పక్కగీత దగ్గర బంతి చప్పుడు నాకు వినపడటం లేదు, అక్కడ ఏదైనా పెట్టండి, అని మూడు ముక్కలు. సంతకం మాత్రం తనే గీసింది, అది కాగితం దాటి బల్ల మీదికి పోయింది. జవాబుగా అచ్చు కార్డు ఒకటి వచ్చింది, మీ అభిప్రాయానికి ధన్యవాదాలని. ఆ కార్డు చదివి వినిపిస్తే, తన సొమ్ముతో తనకే ధన్యవాదాలు కొని పంపారని అంది.

ఆ ఇంట్లో మ్యాచ్ చూసే పద్ధతి వేరే ఎక్కడా లేదు. నోనీ భర్త కాన్ బతికున్న రోజుల్లో, మా అందరి ఇళ్ళలోలాగే, టీవీ గొంతు నొక్కేసి రేడియో పెట్టేవాళ్ళు. టీవీలో చెప్పేవాడు కనపడేదే చెబుతాడు, రేడియోవాడు కనపడనిదాన్ని కళ్ళకు కట్టాలి, అందుకని. తర్వాత టీవీ ప్రసారాలు మారాయి. ఏ ఆకాశానికి పోయి వస్తుందో ఏమో, బొమ్మ ఏడు సెకన్లు ఆలస్యంగా రావడం మొదలైంది. రేడియో మాత్రం పాతలాగే తిన్నగా వచ్చేది. రేడియోలో గోల్ పడ్డాక టీవీలో ఇంకా బంతి మైదానం మధ్యలో దొర్లుతుండేది. గదిలో తగువులయ్యాయి. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. గదిలో అందరికీ టీవీ గొంతు. నోనీకి మాత్రం పాత ట్రాన్సిస్టర్, దాని తీగ చెవిలో.

అంటే, ఆ గదిలో కళ్ళు లేని ఒక్క మనిషీ అందరికంటే ఏడు సెకన్లు ముందుండేది.

దాంతో ఇంకో చిక్కు వచ్చింది. జెర్ ట్వోమీ అని పక్క పొలం రైతు, ఒక ఆదివారం వరసగా ఆరు పందేలు గెలిచాడు. "ఇది లోపలికి పోతుంది చూడు", "ఇది పోదు చూడు" అని ఐదేసి యూరోలు. ఆరో పందెం తర్వాత మోసీకి అనుమానం వచ్చి చూస్తే, జెర్ టీవీ వైపు కాకుండా కిటికీ అద్దం వైపు చూస్తున్నాడు. అద్దంలో నోనీ మొహం కనిపిస్తోంది. ముప్పై యూరోలూ కక్కించి, ఆ రోజు నుంచి నోనీ కుర్చీ అందరి వెనక్కు, పొయ్యి పక్కకు మార్చారు. మ్యాచ్ నడుస్తుండగా ఎవరూ వెనక్కి తిరగకూడదనేది ఆ ఇంటి కట్టడి. ఆవిడ కూడా మొహం బిగబట్టుకోవడం నేర్చుకుంది. తిట్లు కూడా ఏడు సెకన్లు ఆపుకుని, మేం అరిచాక తిట్టేది. మాకంటే ముందు ఆనందపడకూడదని, మాకంటే ముందు ఏడవకూడదని.

ఇలా ఉండగా ఈ ఏడు మే నెలలో మోసీ కొడుకు డారాకు కౌంటీ జట్టులో, అంటే మా జిల్లా జట్టులో, చోటు దొరికింది.

డారా ఆట గురించి ఒక్క మాట చెప్పాలి. బంతి పక్కగీత దాటి పోతే, దాన్ని గీత మీద పెట్టి, చెయ్యి తగలకుండా, కర్ర అంచుతో గడ్డిలోంచి కోసి పైకి లేపాలి. మావాళ్ళు దాన్ని కోత అంటారు. తోలు బంతి, తడి గడ్డి, వెడల్పాటి కర్ర. అరవై గజాల దూరం నుంచి ఆ రెండు గుంజల మధ్య, అడ్డకర్ర పైనుంచి పంపితే ఒక పాయింటు, అలా పంపడం వందలో ఒకడికి వస్తుంది. డారా తొమ్మిదేళ్ళ వయసు నుంచి ఇంటి వెనక పొలంలో రోజుకు నలభై కోతలు కొట్టేవాడు. నోనీ వంటింటి గుమ్మంలో కూర్చుని వినేది. సరిగా పడిన కోత కొత్త గుడ్డ చించినట్టు ఉంటుందట, చివర చిన్న టక్కుమన్న చప్పుడు. తప్పిన కోత చెప్పుతో బురద తొక్కినట్టు ఉంటుందట. సాయంత్రం పిల్లాడు లోపలికి రాగానే "ముప్పై ఒకటి" అనేది. వాడు లెక్కేసుకున్నదీ ముప్పై ఒకటే అయ్యేది.

వాడు మొదటిసారి కౌంటీ చొక్కా వేసుకున్న రోజు మోసీ వెళ్ళలేకపోయాడు. ఆవు ఈనుతోంది. టీవీలో చూడొచ్చులే అనుకున్నాడు. ఆ మ్యాచ్ టీవీలో వెయ్యలేదు. రేడియోలో పావుగంటకోసారి అంకెలు మాత్రం చెప్పారు. మోసీ దూడను బయటికి లాగి, చేతులు కడుక్కోకుండానే వచ్చి టీవీ పెడితే, అందులో ఎవరో పాత వంట కార్యక్రమంలో కేకు మీద చక్కెర చల్లుతున్నారు. మోసీ ఆ కేకును మర్చిపోలేదు.

జూన్‌లో డబ్బు కట్టే రోజు వచ్చింది. మోసీ తల్లిని పోస్టాఫీసుకు తీసుకెళ్ళనన్నాడు. ఊరికే వచ్చే లైసెన్సు కూడా వద్దన్నాడు, అదీ ప్రభుత్వం ఆ టీవీవాళ్ళకిచ్చే డబ్బేనట. ఈ గడప నుంచి వాళ్ళకు చిల్లిగవ్వ పోకూడదు, టీవీనే బయటపెడతాను, రేడియోకి లైసెన్సు అక్కర్లేదు కదా, అమ్మకు కావలసింది రేడియోనే కదా అన్నాడు. లెక్క సరిగ్గానే ఉంది. నేనూ మోసీ ఒక బడిలో చదివాం, ఒక జట్టులో ఆడాం, వాడు ఒక లెక్క తేల్చాడంటే ఎద్దు లాగినా కదలదు.

వాడు పాలు పితకడానికి పోయినప్పుడు నేను నోనీని అడిగాను, నా వ్యానులో తీసుకెళ్తాను, కట్టేసి రండి పెద్దమ్మా అని. తల అడ్డంగా ఊపింది. ఇల్లు వాడిది, వాడికి తెలియకుండా కట్టను అంది. ట్రాన్సిస్టర్ మీద చెయ్యి వేసి, మెల్లగా అంది:

"వారమంతా ఈ గదిలో ఇది మోగుతూనే ఉంటుంది బాటీ. దీనికోసం ఎవరైనా వచ్చి కూర్చున్నారా? మీ ట్రాక్టర్లలో కూడా రేడియో ఉంది. ఆ టీవీ పెట్టె ఉంటేనే మీరు వస్తారు."

తొమ్మిదేళ్ళుగా ఆవిడ దేనికి డబ్బు కడుతోందో అప్పుడు తెలిసింది. మా వీపులు చూడ్డానికి. అవి కూడా కనపడవు, మా కుర్చీల కిర్రు వినడానికి.

జూలైలో మా కౌంటీ సెమీఫైనల్‌కు చేరింది. డబ్లిన్‌లో క్రోక్ పార్క్ మైదానం. ఆదివారం నాలుగింటికి. ఇది టీవీలో వస్తుంది. ఇంట్లో ఒకరు ఆవుల దగ్గర ఉండాలి కాబట్టి మోసీ భార్య వెళ్ళింది, మోసీ ఉండిపోయాడు. ఇదే ఆఖరి మ్యాచ్ అని ముందే చెప్పాడు. మర్నాడు పొద్దున నేను కాగితం తేవాలి, ఇంట్లో టీవీ లేదని వాడు సంతకం పెడతాడు, టీవీ జెర్ ట్రాలీలో వెళ్ళిపోతుంది. గుమ్మం దగ్గర అట్టపెట్టె కూడా తెచ్చి పెట్టి ఉంది. నోనీ లోపలికి వస్తూ దానికి కాలు తగిలి తూలింది. ఏమిటని అడగలేదు. చేత్తో అంచు తడిమి చూసి, వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

ఆ రోజు మోసీతో కలిపి పదకొండు మందిమి చేరాం. పంది మాంసం పెట్టిన బ్రెడ్డు ముక్కలు, కెటిల్ నిండా టీ. అక్కడ వాన, ఇక్కడ వాన. ఆట సంగతి పొడుగ్గా చెప్పను. ఒక గంట సేపు మా గుండెలు కర్రల మధ్య పడి నలిగాయి. ఆఖరి పది నిమిషాలకు డారాను మైదానంలోకి దించారు. మోసీ అప్పటిదాకా తాగిన టీ అంతా చెమటై పోయింది. చివరి నిమిషానికి రెండు జట్లూ సమానం. బంతి పక్కగీత దాటింది. కోత మాది.

టీవీలో డారా బంతి వైపు నడుస్తున్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. వంగి బంతిని గీత మీద పెడుతున్నాడు. మరీ చిన్నగా కనిపించాడు, బడికి పోయే పిల్లాడిలా.

అప్పుడు మోసీ లేచాడు. వెనక్కి తిరిగాడు. ఆ ఇంట్లో ఎవరూ చెయ్యని పని చేశాడు. మా కుర్చీల మధ్య నుంచి తోసుకుంటూ వెళ్ళి తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆవిడ మొహంలోకి చూశాడు. రాయిలా ఉంది.

"చూడలేనమ్మా. అయిపోయిందా? చెప్పు" అన్నాడు.

ఇంకా కాలేదురా అంది నోనీ. వేళ్ళతో వాడి తల వెతుక్కుని, జుట్టు మీద ఒక చెయ్యి పెట్టింది. రెండో చేత్తో ట్రాన్సిస్టర్‌కున్న తీగ పీకేసింది.

రేడియో గదిలోకి వచ్చింది. జెర్ టీవీ గొంతు నొక్కేశాడు. మేమంతా వెనక్కి తిరిగాం, కట్టడి గిట్టడి లేదు. రేడియోలో చెప్పేవాడు, ఎప్పుడూ ఊపిరి తీసుకోనివాడు, ఆగిపోయాడు. ఎనభై వేలమంది ఉన్న చోట మౌనం. ఆ మౌనంలో వాన వినిపించింది. మా పెంకుల మీద వాన కాదు, నూట యాభై మైళ్ళ అవతల గడ్డి మీద పడుతున్న వాన. దేనికో చినుకులు తగులుతున్నాయి. ఎవరో ముక్కు ఎగబీల్చారు. అది డారానే, చిన్నప్పటి నుంచి వాడికి ఆ అలవాటు. మోసీ భుజాలు కదిలాయి. రెండు అడుగుల చప్పుడు. తర్వాత, కొత్త గుడ్డ చించినట్టు, చివర చిన్న టక్కు.

"దాటింది" అంది నోనీ.

రేడియోవాడు ఇంకా నోరు విప్పలేదు. బంతి ఇంకా గాల్లో ఉండి ఉంటుంది. ఎనభై వేలమంది కళ్ళున్నవాళ్ళు తలలెత్తి చూస్తున్న ఆ బంతి ఎక్కడ పడుతుందో, మా ఊళ్ళో పొయ్యి పక్క కూర్చున్న ముసలావిడ చెప్పేసింది. ఆ తర్వాత రేడియో పగిలిపోయింది, అరుపులు, ఏడుపులు, ఆ మనిషి డారా పేరు, వాళ్ళ నాన్న పేరు, వాళ్ళ తాత పేరు కూడా చెప్పాడు.

మేం మాత్రం అరవలేదు. జెర్ చెయ్యెత్తి టీవీ వైపు చూపించాడు. అందులో డారా ఇంకా కొట్టలేదు. బంతి ముందు నిలబడి, మణికట్టుతో కళ్ళ మీది నీళ్ళు తుడుచుకుంటున్నాడు. భయపడుతున్నాడు. వాడికి ఇంకా తెలియదు. మాకు తెలుసు. పదకొండు మంది గొడ్ల కాపరులం నోళ్ళు తెరుచుకుని ఆ కుర్రవాడి భయాన్ని చూస్తూ నిలబడ్డాం, దేవుడు మనల్ని చూసేది ఇలాగేనేమో అన్నట్టు. మోసీ మోకాళ్ళ మీదే తిరిగి, తల్లి కాళ్ళకు వీపు ఆనించి చూశాడు. "కొట్టరా, కొట్టు, ఏం కాదు" అన్నాడు గొణుగుతున్నట్టు, ఏడు సెకన్ల కిందటి కొడుకుతో. డారా ముక్కు ఎగబీల్చి, రెండు అడుగులు వేసి, కోశాడు.

అప్పుడు అరిచాం. బ్రెడ్డు ముక్కలు ఎక్కడెక్కడికో పోయాయి.

సోమవారం పొద్దున కాగితం పట్టుకుని వెళ్ళాను, ఉద్యోగం ఉద్యోగమే కదా. డారా వంటింట్లో గుడ్లు తింటున్నాడు. మోసీ వాడిని అడిగిందే అడుగుతున్నాడు, అంత జనంలో ఆ చప్పుడు మాకెలా వినపడిందని. గీత పక్కన రెయిన్‌కోటు వేసుకుని ఒకమ్మాయి మోకాళ్ళ మీద ఉందట. చేతిలో కర్ర, దాని చివర తడిసిన పిల్లిలాంటి బొచ్చు తొడుగులో మైకు. డారా బంతి పెట్టబోతే మైకు కాలికి తగిలింది. ఆ అమ్మాయి దాన్ని జానెడు వెనక్కి లాక్కుని, తన ఊపిరి వినపడకుండా రెండో చేత్తో తన నోరే మూసుకుందట.

"ఎవరు ఆ పిల్ల?" అన్నాడు మోసీ.

రేడియో పిల్ల అన్నాడు డారా. మ్యాచ్ అంతా వానలో ఆ గీత వెంబడే పాకుతూ ఉందట. పోయినేడు అలాంటివాళ్ళెవరూ అక్కడ ఉండేవారు కాదని జట్టులో పాతవాళ్ళు చెప్పారట.

నోనీ టీ చప్పరిస్తూ, "పోయినేడు తిట్టాను. ఈ ఏడు పెట్టారు" అంది.

ఆ ఉత్తరానికీ ఆ అమ్మాయికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. పోస్టాఫీసులో పనిచేసినవాణ్ణి, ఎన్ని ఉత్తరాలు ఎక్కడెక్కడ చస్తాయో తెలిసినవాణ్ణి. అయినా కనుక్కోవాలని ఎప్పుడూ అనిపించలేదు.

నేను బల్ల మీద కాగితం పెట్టాను. మోసీ దాన్ని అటూ ఇటూ తిప్పి చదివాడు. తర్వాత నాలుగు మడతలు పెట్టి, వంగి, ఏళ్ళ తరబడి ఊగుతున్న ఆ బల్ల కాలి కింద దోపాడు. బల్ల ఊపి చూశాడు. కదల్లేదు.

"దొంగలు దొంగలేరా. ఆ కేకు సంగతి నేను మర్చిపోను" అన్నాడు. అట్టపెట్టె ఎత్తుకుని కోళ్ళ దగ్గర పడేసి వచ్చాడు. గురువారం తల్లిని పోస్టాఫీసుకు తీసుకొచ్చాడు. ఆవిడ నోట్లు తడిమి లెక్కపెడుతుంటే పక్కన నిలబడి, రసీదు మీద నా ముద్ర వంకరగా పడిందని నన్ను తిట్టాడు. కట్టి తిట్టడం వాడికీ అంటుకుంది.

ఫైనల్‌కు మళ్ళీ అందరం చేరాం. మోసీ కుర్చీ ముందు వరసలో లేదు. వెనక పొయ్యి పక్కన, నోనీ కుర్చీకి ఆనించి ఉంది. ట్రాన్సిస్టర్ నుంచి వచ్చే తీగ ఇప్పుడు రెండు పాయలైంది. కళ్ళున్నవాడు కూడా వెళ్ళి ఆ ఏడు సెకన్ల అవతల కూర్చున్నాడు.

ఆఖరి నిమిషంలో రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. గోల్ పడితే మూడు వస్తాయి, కప్పు మాది. గోల్ ఎదురుగా, దగ్గర నుంచే, అవతలివాళ్ళ తప్పుకు మాకు ఫ్రీ దెబ్బ దొరికింది. డారా కర్ర పట్టుకుని వచ్చాడు. గదిలో పదిమందిమి కుర్చీల అంచుకు జరిగాం. జెర్ నా మోచెయ్యి పట్టుకుని నలిపేస్తున్నాడు. పడుతుంది, పడుతుంది అంటున్నాడు. నేనూ అంటున్నాను. వెనక నుంచి ఏ చప్పుడూ లేదు. కుర్చీ కిర్రుమనలేదు. ఊపిరి కూడా వినపడలేదు.

డారా కొట్టాడు. గోల్ కాపలావాడు అడ్డంగా పడి బంతిని ఆపేశాడు. విజిల్ మోగింది.

చాలాసేపటికి నేను వెనక్కి తిరిగి చూశాను. నోనీ, మోసీ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, మొహాలు రాళ్ళలా బిగబట్టుకుని కూర్చుని ఉన్నారు. ఇద్దరి మెడల మీద కన్నీళ్ళు అప్పటికే ఆరిపోతున్నాయి.